సిస్టరుకు జ్వరమొచ్చింది

నేను ముప్పై రెండేళ్లు సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆఖరి కొన్నేళ్లలో సూదులూ సెలైన్ల పని తగ్గి, ఆసుపత్రిలో అంటు పాకకుండా చూసే పని నా మీద పడింది. ఆ ఉద్యోగానికి ఏదో పెద్ద పేరుంది గానీ, మా ఆయమ్మలు మాత్రం నన్ను ‘చేతులు కడుక్కోమనే సిస్టరమ్మ’ అనేవాళ్లు. ఇవాళ ఆ పని గురించే నాలుగు మాటలు చెబుతాను. మహమ్మారి రోజుల్లో ఆసుపత్రి పనివాళ్లకు జబ్బు ఎందుకు అంటుతుంది, అంటకుండా ఎవరేం చెయ్యాలి అన్నది.

అది 2020, రోహిణీ కార్తె. రోళ్లు పగిలే ఎండలంటారే, అవి. మేం ఒంటికి తెల్లటి కిట్టు, చేతులకు రెండు జతల గ్లవ్స్, ముఖానికి ఎన్95 మాస్కు, దాని మీద పెద్ద కళ్లద్దాలు తగిలించుకుని ఆరేసి గంటలు డ్యూటీ చేసేవాళ్లం. అన్ని గంటలూ మంచినీళ్లు లేవు, బాత్రూము లేదు. ముసుగులో ఎవరు ఎవరో తెలిసేది కాదు కాబట్టి వీపు మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసుకునేవాళ్లం. చెమటకు కళ్లద్దాలు మసకేసి, నరం దొరక్క, వేలితో తడుముకుని సూది వేసిన రోజులున్నాయి.

చాలామంది ఆ వార్డులోనే ప్రమాదమంతా ఉందనుకుంటారు. మాకు భయం ఎక్కువగా ఉండేది డ్యూటీ దిగాక, కిట్టు విప్పే గదిలో. ఆరు గంటలు మనల్ని కాపాడిన కిట్టే అక్కడ శత్రువవుతుంది. దాని పైభాగమంతా రోగుల దగ్గు తుంపరలే. దాన్ని పైభాగం తాకకుండా, లోపలి వైపు బయటికొచ్చేలా చుట్టుకుంటూ తీయాలి. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా చేతులకు శానిటైజర్ రాసుకోవాలి. మాస్కు అన్నిటికన్నా ఆఖరున, ఆ గది దాటి వచ్చాక, ముందు భాగం ముట్టకుండా వెనక పట్టీలు పట్టుకుని తీయాలి. అప్పటికి ముక్కు దురద పెడుతుంటుంది, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి ఉంటుంది, ఎప్పుడెప్పుడు ముఖం మీది ఆ బరువు పీకేద్దామా అనిపిస్తుంది. అందుకే ఆ గదిలో ఎదురుగా నిలువుటద్దం ఉండాలి, పక్కన ఇంకో మనిషి నిలబడి ‘ఆగు, ముందు చేతులు’ అని చెబుతూ ఉండాలి.

ఒక రాత్రి మా వార్డు అమ్మాయి ఒకతె, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ఆ గదిలోకి వెళ్తూనే మాస్కు పీకేసింది. నాలుగో రోజున జ్వరం. పరీక్ష చేస్తే పాజిటివ్. ఆ గదిలోనే అంటిందని నేను రుజువు చూపించలేను. అందరూ ‘పాపం, దాని ఖర్మ’ అన్నారు. కొందరు ‘అజాగ్రత్త’ అన్నారు. నేను డ్యూటీ రిజిస్టరు తీసి చూశాను. ఆ రాత్రి పక్కన నిలబడాల్సిన మనిషిని వేరే వార్డులో కొరత ఉందని పంపేశారు. అద్దం ముందు ఆ పిల్ల ఒక్కతే.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆసుపత్రి మనిషికి జబ్బు చేస్తే దాన్ని ఖర్మ అనో, త్యాగం అనో పక్కన పెట్టేస్తాం. అది ఒక కబురు. ఎక్కడో ఒక ఏర్పాటు తెగిందని, ముందుగా మనకు అందే కబురు. దాన్ని విన్నచోట సిబ్బందీ బతికారు, రోగులూ బతికారు. విననిచోట ఇద్దరూ పోయారు. చరిత్రలో ఇది ఎన్నోసార్లు జరిగింది.

మనం రోజూ చేతులు కడుక్కుంటున్నాం కదా, ఆ అలవాటు కూడా ఒక ఆసుపత్రి మనిషి చావుతోనే వైద్యంలోకి వచ్చింది. 1847లో వియన్నా పెద్దాసుపత్రిలో యాకోబ్ కొల్లెచ్కా అనే ప్రొఫెసరు శవపరీక్ష నేర్పుతుంటే, విద్యార్థి చేతిలోని కత్తి జారి ఆయన వేలికి గీసుకుంది. ఆ గాయంతోనే ఆయన పోయాడు. ఆయన స్నేహితుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అదే ఆసుపత్రిలో పురుళ్ల వార్డు డాక్టరు. స్నేహితుడి శవపరీక్ష కాగితాలు చదివితే, తన వార్డులో బాలింత జ్వరంతో పోతున్న తల్లుల లక్షణాలే కనిపించాయి. అంటే శవాల గదిలోని విషమేదో డాక్టర్ల చేతుల మీదుగానే పురిటిమంచం దాకా వస్తోందన్నమాట. ఆయన బ్లీచింగ్ పౌడరు లాంటి క్లోరిన్ సున్నం కలిపిన నీళ్లతో అందరిచేతా చేతులు కడిగించాడు. 1846లో ఆ వార్డులో నూటికి పదకొండుమంది తల్లులు పోతే, 1848లో ఆ లెక్క ఒకటికి కాస్త పైన నిలిచింది. క్రిమి అనే మాట వైద్యంలో ఇంకా స్థిరపడని రోజులవి. ఒక సహోద్యోగి చావును కబురుగా విన్నాడు, అంతే.

మాస్కు కథా అలాంటిదే. 1910 చలికాలంలో మంచూరియాలో ప్లేగు లేచింది. ఎలుకల వల్ల గజ్జల్లో గడ్డలు కట్టే ప్లేగు కాదది. ఊపిరితిత్తుల ప్లేగు, దగ్గితే అంటేది. అరవై వేలమంది దాకా పోయారు. పెనాంగ్‌లో పుట్టిన వూ లియెన్-తే అనే యువ వైద్యుణ్ణి చైనా ప్రభుత్వం హార్బిన్ నగరానికి పంపింది. జబ్బు గాలిలో తుంపరలతో వస్తోందని ఆయన గ్రహించి, దూది నడుమ పెట్టి గుడ్డతో మాస్కులు కుట్టించి సిబ్బందినందరినీ కట్టుకోమన్నాడు. మెస్నీ అనే ఫ్రెంచి డాక్టరు, వయసులోనూ హోదాలోనూ పెద్ద, ఈ కుర్రవాడు నాకు చెప్పేదేమిటన్నాడు. మాస్కు లేకుండా రోగుల్ని చూశాడు. 1911 జనవరిలో, రోజుల వ్యవధిలోనే, అదే ప్లేగుతో పోయాడు. ఆ తర్వాత హార్బిన్‌లో మాస్కు కట్టుకోమని ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదట.

మెస్నీని తలుచుకుని నవ్వుకోకండి. ‘నాకేమవుతుందమ్మా, ఇరవై ఏళ్లుగా చూస్తున్నా’ అంటూ మాస్కు గడ్డం కిందికి లాక్కుని రౌండ్స్‌కి వచ్చే పెద్ద డాక్టర్లను నేను కళ్లారా చూశాను. ఆయనకు చెప్పే ధైర్యం హౌస్ సర్జనుకు ఉండదు, నర్సుకు అసలే ఉండదు. అంటురోగం మాత్రం సీనియారిటీ చూడదు.

ఇక అసలు కథకొస్తాను. మన కరోనాకు అక్క లాంటిది సార్స్, 2003లో లోకాన్ని వణికించింది. ఆ జబ్బు ఎక్కువగా ఆసుపత్రుల్లోనే పాకింది. ప్రపంచమంతా కలిపి 8,098 మందికి సోకి, 774 మంది పోయారు. సోకినవాళ్లలో అయిదోవంతు ఆసుపత్రి సిబ్బందే.

ఆ ఏడాది ఫిబ్రవరి 26న వియత్నాం రాజధాని హనోయ్‌లోని ఫ్రెంచి ఆసుపత్రిలో, హాంకాంగ్ మీదుగా వచ్చిన ఒక వ్యాపారి జ్వరంతో చేరాడు. ఇదేం నిమోనియానో డాక్టర్లకు అంతుపట్టక ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఫోన్ చేశారు. అక్కడి నుంచి కార్లో ఉర్బానీ వచ్చాడు. ఇటలీవాడు, నలభై ఆరేళ్ల మనిషి, పురుగుల వల్ల వచ్చే జబ్బుల్లో నిపుణుడు. రోజులు గడిచేకొద్దీ రోగి దగ్గర పనిచేసిన నర్సులూ డాక్టర్లూ ఒక్కొక్కరే పడకెక్కడం ఆయన చూశాడు. రోగి ఒక్కడే అయితే వింత జబ్బనుకుని వదిలేద్దుము. నర్సులు పడుతున్నారంటే మనిషి నుంచి మనిషికి పాకుతోందన్నమాట. ఆయన పై అధికారులకు చెప్పాడు, వియత్నాం ప్రభుత్వాన్ని ఒప్పించాడు, సిబ్బందిని విడిగా ఉంచమన్నాడు. మార్చి 12న ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకమంతటికీ హెచ్చరిక పంపింది. దానికి ముందురోజే ఉర్బానీకీ జ్వరం మొదలైంది. మార్చి 29న బ్యాంకాక్‌లో కన్నుమూశాడు.

అక్కడితో ఆగితే ఇది వీరుడి కథ. నాకు ఎక్కువ ఆసక్తి ఆ తర్వాతి భాగం మీద. అదే ఊళ్లో బాచ్ మాయ్ అనే పెద్ద సర్కారు ఆసుపత్రి ఉంది. తర్వాతి సార్స్ రోగుల్ని అక్కడ చేర్చారు. ఫ్రెంచి ఆసుపత్రి ప్రైవేటుది, కొత్తది, గదులకు ఏసీలున్నాయి. బాచ్ మాయ్‌లో ఏసీ లేదు. ఎత్తయిన కప్పు, పెద్ద గదులు, పైన ఫ్యాన్లు, ఎదురెదురు కిటికీలు, అవన్నీ బార్లా తీసి ఉంచారు. వియత్నాంలో మొత్తం 63 మందికి సార్స్ వస్తే, అందులో 36 మంది ఆసుపత్రి సిబ్బంది. బాచ్ మాయ్‌లో సార్స్ రోగుల్ని చూసుకున్న సిబ్బందిలో ఒక్కరికీ రాలేదు.

కిటికీలే కాపాడాయని నేను కొట్టి చెప్పను. అప్పటికి బాచ్ మాయ్ వాళ్లకు జబ్బు సంగతి తెలిసింది, మాస్కులు కట్టుకున్నారు, వార్డులు విడిగా పెట్టారు. కబురు అందాక పనిలోకి దిగారు కదా. అయినా ఆ బార్లా తీసిన కిటికీలు నా మనసులోంచి పోలేదు. మన పాత పెద్దాసుపత్రులు తలుచుకోండి. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి అనండి, హైదరాబాదు ఉస్మానియా అనండి, ఆ కాలపు వార్డులకు కప్పు ఎంత ఎత్తు, కిటికీలు ఎంత పెద్దవి! ఆ తాపీమేస్త్రీలకు వైరస్ సంగతి తెలియకపోవచ్చు, గాలి సంగతి తెలుసు. మనం తర్వాత ఏం చేశాం? సీలింగు దించి, కిటికీకి ప్లైవుడ్ కొట్టి, మధ్యలో ఏసీ పెట్టాం.

హాంకాంగ్‌లో జరిగింది ఇంకో పాఠం. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆసుపత్రి 8ఎ వార్డులో 2003 మార్చి 4న ఒక రోగి చేరాడు. ఆయాసం తగ్గాలని నెబ్యులైజర్ పెట్టారు. ఉబ్బసం పిల్లలకు పొగలా మందు పెట్టే యంత్రం, మీరంతా చూసే ఉంటారు. ఆ పొగతో పాటు వైరస్ కూడా వార్డంతా పరుచుకుని ఉంటుందని తర్వాత అనుమానించారు. కొద్ది రోజుల్లో ఆ ఆసుపత్రిలో 138 మందికి సోకింది. అందులో 69 మంది సిబ్బంది, 16 మంది మెడికల్ విద్యార్థులు. పాఠం నేర్చుకోవడానికి మంచం చుట్టూ నిలబడ్డ పిల్లలు!

అదే హాంకాంగ్‌లో అయిదు ఆసుపత్రుల సిబ్బందిని తర్వాత లెక్క తీశారు. మాస్కు, గ్లవ్స్, గౌను, చేతులు కడుక్కోవడం, ఈ నాలుగూ పాటించామన్నవాళ్లు 69 మంది. వాళ్లలో ఒక్కరికీ జబ్బు రాలేదు. సోకిన 13 మందీ నాలుగింటిలో ఏదో ఒకటి వదిలేసినవాళ్లే. అంటే ఇది విధి చేతిలో లేదు. చాలావరకు మన చేతిలోనే ఉంది.

అయితే కిట్టు ఉంటే చాలనుకోకండి. కెనడాలో టొరంటో ఆసుపత్రి ఒకదానిలో అదే ఏడాది ఏప్రిల్ 13న ఒక సార్స్ రోగికి ఊపిరాడక గొంతులోకి గొట్టం వేయాల్సి వచ్చింది. గొట్టం వేసేటప్పుడు మా ముఖం రోగి నోటికి జానెడు దూరంలో ఉంటుంది. రోగి దగ్గుతాడు, ఉక్కిరిబిక్కిరవుతాడు. గౌన్లు, గ్లవ్స్, మాస్కులు అన్నీ వేసుకున్నా తొమ్మిదిమంది సిబ్బందికి సోకింది. ఆ మాస్కులు వాళ్ల ముఖాలకు సరిగ్గా అతుక్కుంటున్నాయో లేదో ఎవరూ ముందుగా పరీక్షించి చూడలేదు.

టొరంటో సంగతులు విచారించడానికి జస్టిస్ ఆర్చీ క్యాంప్‌బెల్ అనే న్యాయమూర్తి కమిషన్ వేశారు. 2007 జనవరిలో వచ్చిన ఆయన తుది నివేదిక సారం నేను నా నోట్‌బుక్కులో రాసుకున్నాను. జబ్బు ఎలా పాకుతుందో శాస్త్రం పూర్తిగా తేల్చేదాకా ఆగకూడదు, అనుమానం ఉన్నప్పుడే సిబ్బందికి మెరుగైన రక్షణ ఇవ్వాలి. మన పెద్దవాళ్ల మాటల్లో చెప్పాలంటే, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

పదమూడేళ్లు గడిచాయి. 2020 జనవరి 20న చైనా వైద్యుడు జోంగ్ నాన్‌షాన్ టీవీలో చెప్పాడు, వూహాన్‌లో ఒకే రోగి నుంచి 14 మంది ఆసుపత్రి సిబ్బందికి సోకిందని. మనిషి నుంచి మనిషికి పాకుతోందని లోకానికి గట్టిగా తెలిసింది అప్పుడే. మళ్లీ అదే కబురు, మళ్లీ ఆసుపత్రి మనుషుల జ్వరంలోంచే. అయినా మార్చి ఆఖరున ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇది గాలి ద్వారా వ్యాపించే జబ్బు కాదని చాటింది. జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు బహిరంగ లేఖ రాసి, గాలి సంగతి పట్టించుకోమని అడగాల్సి వచ్చింది. ఈలోగా చాలా దేశాల్లో మామూలు వార్డు సిబ్బందికి సర్జికల్ మాస్కు చాలన్నారు. ఆ మాస్కు పెద్ద తుంపరల్ని ఆపుతుంది గానీ, చెంపల పక్క సందుల్లోంచి గాలి హాయిగా వచ్చిపోతుంది. ఎన్95 గుడ్డ అతి సన్నటి కణాల్లో నూటికి తొంభై అయిదింటిని పట్టేస్తుంది, అదీ ముఖానికి గట్టిగా అతుక్కుంటేనే. గడ్డం ఉంటే అతుక్కోదు. కొలత సరిపోకపోయినా అతుక్కోదు.

మాకు మొదట్లో మనిషికి అయిదు ఎన్95 మాస్కులు ఇచ్చి, ఒక్కోటి ఒక్కో కాగితం సంచీలో పెట్టుకుని, సంచీ మీద వారం పేరు రాసుకుని వంతులవారీగా వాడమన్నారు. సోమవారం మాస్కు, మంగళవారం మాస్కు. మార్చి 22 సాయంత్రం అయిదింటికి దేశమంతా చప్పట్లు కొట్టింది. మే 3న హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. అబద్ధం చెప్పను, కళ్లు చెమర్చాయి. ఆ మర్నాడు మళ్లీ సోమవారం సంచీ తెరిచాను.

2020 జనవరి నుంచి 2021 మే దాకా ప్రపంచంలో కరోనాతో పోయిన ఆరోగ్య సిబ్బంది ఒక లక్షా పదిహేను వేలమందికి పైగా ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 80 వేల నుంచి లక్షా 80 వేల మధ్య ఎంతైనా కావచ్చంది. అంత పెద్ద తేడా ఎందుకంటే చాలాచోట్ల ఎవరూ లెక్క రాయలేదు. పొలం గట్టు కొలతకు రికార్డుంటుంది, ఆయమ్మ చావుకు ఉండదు.

ఆయమ్మ అన్నాను కదా. సిబ్బంది అనగానే మీకు తెల్లకోటు గుర్తొస్తుంది. తెల్లకోటు రోగి పక్కన పది నిమిషాలుంటుంది. మంచం తుడిచేది, బెడ్‌పాన్ తీసేది, వాంతి ఎత్తేది, పసుపు సంచులు ముడేసి మోసుకెళ్లేది ఆయమ్మ, వార్డు బాయ్. శవాన్ని సంచీలో కట్టేది మార్చురీ మనిషి. ఇరుకైన బండిలో రోగి పక్కనే గంటసేపు కూర్చునేది 108 టెక్నీషియన్. గొంతులో పుల్ల పెట్టి స్వాబ్ తీసేది ల్యాబ్ టెక్నీషియన్. ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకున్నది ఆశా అక్క, ఏఎన్‌ఎమ్. 2021 జనవరి 16న మన దేశంలో టీకాలు మొదలైనప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ, సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలోనూ మొదటి టీకా పారిశుద్ధ్య కార్మికులకే వేశారు. చాలా మంచి పని. అయితే ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. మొదటి టీకా అందిన ఆ చేతులకు అంతకు ముందరి నెలల్లో మొదటి ఎన్95 ఎప్పుడు అందింది?

మా ఆసుపత్రి ఆయమ్మ ఒకామె కాంట్రాక్టు మీద పనిచేసేది. రాకపోతే ఆ రోజు కూలి పోతుంది. ఒళ్లు కాలుతుంటే, ఇంటి దగ్గరే పారాసెటమాల్ బిళ్ల వేసుకుని వచ్చేది. గేటు దగ్గర థర్మల్ గన్ పెడితే ఆకుపచ్చ దీపం వెలిగేది. మూడు రోజులు అలాగే చేసింది. నాలుగో రోజు కూలబడింది. అప్పటికి ఆమెతో బట్టలు మార్చుకునే గదిలో ఉన్న ఇంకో ముగ్గురికి అంటింది. సూపర్‌వైజరు ఆమె మీద విరుచుకుపడ్డాడు. నేను అడిగాను, ‘జ్వరమొస్తే జీతంతో సెలవిస్తామని ఎప్పుడైనా చెప్పారా బాబూ?’ అని. ఆయన దగ్గర సమాధానం లేదు. అంటు ఆ ఆయమ్మ దగ్గర మొదలవలేదు, ఆ కాంట్రాక్టు కాగితం దగ్గర మొదలైంది.

జబ్బు దాచడం ఆయమ్మలతో ఆగదు. నాకు సర్వీసులో రెండుసార్లు వాడిన సూది గుచ్చుకుంది. మొదటిసారి కొత్తలో, సూదికి మళ్లీ మూత పెట్టబోయి. ఇప్పుడైతే మూత పెట్టనే కూడదు, తిన్నగా కట్టర్‌లో వేయాలి. ఆ రోజు తిడతారని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఆరు నెలలు ఎయిడ్స్ భయంతో నిద్రపోలేదు. హెచ్‌ఐవీ కూడా మహమ్మారే కదా. రెండోసారి గుచ్చుకున్నప్పుడు గంటలోపే చెప్పాను, రిజిస్టరులో రాయించాను. హెచ్‌ఐవీ అంటకుండా వాడే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. వాడాను, బాగున్నాను. ఆ రెండుసార్ల మధ్యా తేడా నా ధైర్యంలో లేదు. రెండోసారికి తిట్టని హెడ్ సిస్టర్ ఉంది.

ఇంకో చోటు చెబుతాను, మీకు నవ్వొస్తుందేమో. మా భోజనాల గది. వార్డులో అంత పకడ్బందీగా ఉండేవాళ్లం, అన్నం దగ్గరికొచ్చేసరికి మనవాళ్లే కదా అనుకునేవాళ్లం. పది అడుగుల గది, ఏసీ, మూసిన కిటికీ, ఎనిమిదిమంది. మే నెలలో కొత్త ఆవకాయ. ఒకరి ఇంటి సీసా అందరి చేతుల మీదుగా తిరుగుతుంది. అందరికీ మాస్కులు కిందే, కబుర్లు పైనే. ఒకసారి రోగుల ముఖమే చూడని గుమాస్తాకు, ఫార్మసీ అబ్బాయికి, ఇద్దరు నర్సులకు ఒకే వారంలో జ్వరం వచ్చింది. నలుగురూ కలిసింది ఎక్కడా అని వెతికితే, ఆ ఆవకాయ సీసా దగ్గర తేలింది. వాళ్లను కోప్పడితే ఏం లాభం? ఆరు గంటలు నీళ్లు తాగని మనిషి ఎక్కడో ఒక చోట మాస్కు తీయాలి కదా. మేం చేసిందల్లా, భోజనాలు రెండు జట్లుగా విడగొట్టి, బల్లలు వరండాలోకి మార్చి, వడ్రంగిని పిలిచి ఆ కిటికీకి కొట్టిన ప్లైవుడ్ ఊడదీయించడం. వడ్రంగి కూలి నేనే ఇచ్చాను. ఆ బిల్లు ఏ పద్దు కింద రాయాలో ఆఫీసువాళ్లకు తెలియలేదు.

ఇంటికెళ్తే అక్కడ ఇంకో కథ. పెరట్లో స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో నానబెట్టి, పిల్లల్ని దూరంనుంచే చూసుకునేవాళ్లం. నర్సులకు, డాక్టర్లకు అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నవాళ్లు ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో నెల్లూరు డాక్టరు ఒకాయన కరోనాతో చెన్నైలో పోతే, శ్మశానం దగ్గర జనం అడ్డుపడ్డారు. ఆ నెల 22న కేంద్ర ప్రభుత్వం పాత అంటువ్యాధుల చట్టాన్ని సవరించి, ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేస్తే జైలన్నది. చట్టం మంచిదే. అంతకన్నా ముందు తెలియాల్సింది ఒకటుంది. నర్సును వెలేస్తే, జ్వరమొచ్చిన నర్సు రేపు చెప్పదు. చెప్పకపోతే ఆ జ్వరం మీ వార్డుకే వస్తుంది.

మరి ఏం చెయ్యాలి? మా పనిలో ఒక వరసుంది. ముందు గాలి. కిటికీలు తెరుచుకోవాలి. తెరవలేని చోట లోపలి గాలిని బయటికి లాగే ఏర్పాటుండాలి. గాలి ద్వారా అంటుకునే జబ్బున్న రోగులుండే గదిలో గంటకు పన్నెండుసార్లు గాలి మారాలంటారు. ఆ తర్వాత పద్ధతులు. జ్వరం రోగికి గేటు దగ్గరే వేరే దారి, జీతంతో సెలవు, కిట్టు విప్పే చోట రెండో మనిషి, సూది గుచ్చుకుంటే తిట్లులేని రిజిస్టరు, అందరికీ హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ. అన్నిటికన్నా ఆఖరున కిట్టు. మనం తలకిందులు చేస్తాం. ముందు కిట్టు ఇస్తాం, దాని పక్కన ఒక ఫొటో తీస్తాం, మిగతావి దేవుడికి వదిలేస్తాం. 2025 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, పనిచోట్ల క్రిముల వంటి జీవసంబంధ ప్రమాదాల మీద మొట్టమొదటి ఒడంబడికను ఆమోదించింది. గనిలో బొగ్గు ధూళి ఎలాగో, వార్డులో వైరస్ అలాగే పనిచోటి ప్రమాదమని లోకం ఒప్పుకున్నట్టే. దేశాలు దాన్ని ఆమోదించి అమలు చేస్తేనే ఆయమ్మదాకా వస్తుంది.

శ్రోతలారా, మీ వంతు కూడా ఉంది. చీటీ రాయించుకునే చోటే జ్వరం, దగ్గు ఉన్న సంగతి దాచకుండా చెప్పండి. రోగితో ఒక్కరే రండి. మాస్కు కట్టుకోండి. నర్సు చేతులు కడుక్కుంటుంటే ‘తొందరగా రామ్మా’ అని అరవకండి, ఆ అర నిమిషం మీ మనిషి కోసమే.

జ్వరమొచ్చిన ఆ అమ్మాయి సంగతి అడుగుతారేమో. కోలుకుంది, ఇప్పుడు అదే ఆసుపత్రిలో కొత్తవాళ్లకు కిట్టు విప్పడం నేర్పుతోంది. మొన్న సంక్రాంతికి ఫోన్ చేసి, ‘సిస్టర్, మన భోజనాల గది కిటికీకి మళ్లీ ప్లైవుడ్ కొట్టారు, ఏసీ చల్లదనం పోతోందట’ అంది. ‘మరి నువ్వేం చేశావే?’ అన్నాను. ‘వడ్రంగి నెంబరు మీ దగ్గర ఉందా?’ అనడిగింది.

ఇచ్చాను.